950 రూపాయల జంతు వర్గీకరణ సెట్టు: కొనదగినదే, కానీ కొన్ని దిద్దుబాట్లతో

తిరుపతిలో గాంధీ రోడ్డు పరిసరాల్లో పాఠ్యపుస్తకాలతో పాటు చార్టులు, గ్లోబులు, ప్రయోగశాల సామగ్రి అమ్మే దుకాణాలు కొన్ని ఉన్నాయి. అలాంటి ఒక దుకాణంలో ఈ విద్యా సంవత్సరం మొదట్లో ‘సకశేరుకాలు – అకశేరుకాలు’ (వెన్నెముక ఉన్న జంతువులు, లేని జంతువులు) అనే బోధనా సెట్టును 950 రూపాయలకు కొన్నాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు సాయంత్రం పూట సైన్సు చెప్పేవాణ్ణి కాబట్టి దీన్ని పిల్లల చేతుల్లో పెట్టి, తగినంత కాలం వాడిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీదారు పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఇవే అచ్చు బొమ్మలు, ఇదే చార్టు రకరకాల పేర్లతో, రకరకాల పెట్టెల్లో అమ్ముడవుతున్నాయి కనుక పేరు కంటే లోపలి సరుకు గురించి తెలుసుకోవడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

పెట్టెలో 36 ప్లాస్టిక్ బొమ్మలు, నీలం రంగు ట్రే ఒకటి, ఎరుపు రంగు ట్రే ఒకటి, బొమ్మకొకటి చొప్పున సమాచార కార్డులు, గోడకు తగిలించే చార్టు, పదహారు పేజీల చిన్న పుస్తకం ఉన్నాయి. వెన్నెముక ఉన్న జంతువుల్ని నీలం ట్రేలోనూ, లేనివాటిని ఎరుపు ట్రేలోనూ పెట్టాలి. ఒక్కో ట్రేలో పద్దెనిమిది గళ్లున్నాయి. కార్డు వెనుక జవాబు ఉంటుంది కాబట్టి పిల్లలు పెద్దల సాయం లేకుండానే సరిచూసుకోవచ్చు. ఆట ఇంతే. నిజానికి ఈ వయసు పిల్లలకు ఇది చాలు కూడా. పుస్తకంలో బొమ్మ చూసి సున్నా చుట్టడం కంటే ఒక జంతువును చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఎటు పెట్టాలో తేల్చుకోవడం పిల్లల్ని ఎక్కువసేపు ఆలోచింపజేస్తుంది.

సెట్టు మొత్తంలో నాకు బాగా నచ్చినది కప్ప. దీని శరీరాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేసి, లోపల తెల్లని అస్థిపంజరాన్ని అమర్చారు. పూసల్ని లెక్కపెట్టి చూశాను. తొమ్మిది ఉన్నాయి, వాటి వెనుక యూరోస్టైల్ అనే పొడవాటి ఎముక ఉంది, పక్కటెముకలు లేవు. కప్ప అస్థిపంజరం ఉండవలసిన తీరు సరిగ్గా ఇదే. ఈ ధరలో వచ్చే బొమ్మలో ఇంత శ్రద్ధ ఉంటుందని ఊహించలేదు. చేప బొమ్మకు ఒక పక్క కోసి చూపిన భాగం ఉంది. వెన్నెముక తల నుంచి తోక దాకా సాగడం, పుర్రె దానికి ముందు కొసన ఉండటం అందులో స్పష్టంగా కనబడుతుంది. నక్షత్రచేపను తిరగేస్తే అడుగున సన్నని నాళికాపాదాల (అది పాకడానికి వాడే గొట్టాల్లాంటి పాదాల) వరుసలు కూడా ఉన్నాయి. ఆక్టోపస్ చేతులపై చూషకాలు (పట్టుకోవడానికి ఉండే చిన్న గిన్నెల్లాంటివి) వేలికి తగులుతాయి. పీత దగ్గర మాత్రం పొదుపు చేశారు. డెక్కలు కాక నాలుగు జతల కాళ్లు ఉండవలసిన చోట మూడు జతలే ఉన్నాయి.

ఇక తాబేలు. దీని గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే పిల్లలు పెట్టె తెరవగానే ముందు పట్టుకునేది దీన్నే. తయారీదారు తాబేలు పైచిప్పను డబ్బా మూతలా పైకి తీయగలిగేలా చేశాడు. తీస్తే లోపల నున్నగా, మెత్తగా కనిపించే ఒక చిన్న ప్రాణి ఉంటుంది. మూత పెడితే మళ్లీ తాబేలు అవుతుంది. చూడటానికి ముచ్చటగానే ఉంది గానీ ఈ సెట్టు నేర్పవలసిన పాఠానికి ఇది పూర్తిగా అడ్డం. తాబేలు వెన్నుపూసలు, పక్కటెముకలు వెడల్పైన పలకలుగా పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోవడం వల్లనే ఆ పైచిప్ప ఏర్పడుతుంది. పైన కనిపించే గళ్లు మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తో ఏర్పడిన పొర. అంటే తాబేలు తన చిప్పలో నివసించడం లేదు, చిప్ప దాని అస్థిపంజరంలోనే ఒక భాగం. మన శరీరంలో భుజపు ఎముకలు పక్కటెముకల గూటికి బయట ఉంటే, తాబేలులో అవి గూటి లోపల ఉంటాయి. చిప్పను తాకితే దానికి తెలుస్తుంది కూడా. మూత తీసిన బొమ్మను చూసిన ఆరో తరగతి అబ్బాయి ఒకడు, “అయితే నత్త లాగే ఇది కూడా ఎరుపు ట్రేలోకే కదా సార్, చిప్ప బయట ఉండాది, లోపల ఏమీ లేదే” అన్నాడు. ఆ బొమ్మను బట్టి చూస్తే అతని తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నత్త గుల్ల సున్నపు పదార్థంతో తయారవుతుంది, దానిలో పూసలుండవు, పక్కటెముకలుండవు. తాబేలు చిప్పను లోపలి వైపు నుంచి చూస్తే మధ్యగా పొడవునా సాగిన వెన్నుపూసల వరుస కనిపిస్తుంది. ఆ వరుసను బొమ్మలో మూత లోపలి భాగాన అచ్చు వేసి ఉంటే, ఇదే బొమ్మ సెట్టులోకెల్లా గొప్ప బోధనా పరికరం అయ్యేది. నేను మూత లోపల శాశ్వత సిరాతో పూసల్ని, పక్కటెముకల్ని గీసి పెట్టుకున్నాను.

సమాచార కార్డుల్లో మొదటిది నిర్వచనం చెబుతుంది: “ఎముకలతో చేసిన వెన్నెముక ఉన్న జంతువులు సకశేరుకాలు.” ఈ వాక్యాన్ని అక్షరాలా పాటిస్తే, అదే పెట్టెలో ఉన్న సొరచేపను ఎరుపు ట్రేలోకి నెట్టాలి. సొర అస్థిపంజరం మొత్తం మృదులాస్థితో నిర్మితమైనది. మన చెవి దొప్పకు ఆకారమిచ్చేది కూడా మృదులాస్థే. సొరకు వెన్నుపూసలున్నాయి, వాటి గుండా వెన్నుపాము సాగుతుంది, పుర్రె ఉంది. కాబట్టి అది నిస్సందేహంగా సకశేరుకమే. ‘ఎముకలతో లేదా మృదులాస్థితో’ అని రెండు మాటలు చేర్చి ఉంటే సరిపోయేది. పై తరగతుల పిల్లలకు చెప్పేవారు ఇంకొక మెట్టు ఎక్కవచ్చు. సకశేరుకాలన్నీ కార్డేటా అనే పెద్ద విభాగంలోనివి. ఆ విభాగంలోని జీవులన్నింటికీ జీవితంలో ఏదో ఒక దశలో పృష్ఠవంశం అనే మెత్తని కడ్డీ వీపు వైపు ఉంటుంది. మనలో పిండ దశలోనే దాని స్థానాన్ని వెన్నెముక ఆక్రమిస్తుంది. యాంఫియాక్సస్ అనే చిన్న సముద్ర జీవిలో మాత్రం ఆ కడ్డీ జీవితాంతం ఉంటుంది, వెన్నెముక ఏర్పడదు. అందువల్ల అది కార్డేటా అయినా అకశేరుకమే. ఇలాంటి సరిహద్దు జీవి ఒక్కటైనా సెట్టులో ఉంటే బాగుండేది గానీ, ఆరో తరగతికి అది అత్యవసరమని అనను.

నరాల అమరికను సెట్టు పూర్తిగా విస్మరించింది. ఇది నా దృష్టిలో పెద్ద లోటు. సకశేరుకాల్లో ప్రధాన నాడీ తంతువు వీపు వైపు, వెన్నుపూసల లోపల భద్రంగా ఉంటుంది. కీటకాలు, రొయ్యలు, వానపాముల వంటి జీవుల్లో అది పొట్ట వైపు ఉంటుంది. దీన్ని చూపించడానికి ప్లాస్టిక్ బొమ్మ అవసరం లేదు, ఇంట్లో రొయ్యలు శుభ్రం చేసే రోజు చాలు. రొయ్య వీపు చీల్చి తీసే నల్లటి పోగును చాలామంది నరం అనుకుంటారు. అది నిజానికి రొయ్య పేగు, నల్లగా కనిపించేది అందులోని మిగిలిన ఆహారం. అసలు నాడీ తంతువు కింద, కాళ్ల వైపున ఉంటుంది. అలాగే కూరలోని చేప ముళ్లను పారేయకుండా నడుము భాగంలోని ఒక పూసను కడిగి ఆరబెడితే, దానికి రెండు వైపులా గిన్నెలా గుంటలుండటం, పైన వెన్నుపాము సాగే చిన్న కమాను ఉండటం కనిపిస్తాయి. మా పిల్లల్లో కొందరు అలాంటి పూసల్ని దారానికి గుచ్చి తెచ్చారు. ఆ దండను కప్ప బొమ్మ పక్కన పెట్టి చెప్పినప్పుడు పాఠం అర్థమైనంత సులువుగా కార్డులు చదివించినప్పుడు అర్థం కాలేదు. శాకాహారుల ఇళ్ల పిల్లలకు మాత్రం కప్ప బొమ్మే దిక్కు.

సెట్టు పట్ల నా ప్రధానమైన అభ్యంతరం ఆ రెండు సమానమైన ట్రేలే. నీలంలో పద్దెనిమిది, ఎరుపులో పద్దెనిమిది అనగానే జంతులోకం సరిగ్గా సగానికి సగం చీలిందనే అభిప్రాయం పిల్లల మనసులో నాటుకుంటుంది. ఇంతవరకు శాస్త్రవేత్తలు గుర్తించి పేరు పెట్టిన జంతు జాతుల్లో 95 శాతానికి పైగా వెన్నెముక లేనివే. సకశేరుకాలన్నీ కలిపి సుమారు 70,000 జాతులుంటే, వాటిలో సగానికి సగం చేపలే. కీటకాలు ఒక్కటే దాదాపు పది లక్షల జాతులు, అందులో పెంకు పురుగులే మూడున్నర లక్షలకు పైబడి ఉన్నాయి. నిజమైన నిష్పత్తిలో పంచితే ఈ 36 బొమ్మల్లో సకశేరుకాల వంతుకు రెండు కూడా రావు. పులి, ఏనుగు, నెమలి, మొసలి, కప్ప, సొర అన్నీ ఆ రెండింట్లోనే సర్దుకోవాలి.

అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నీలం ట్రేలోని జంతువులు నిజంగానే ఒక కుటుంబం. ఒకే పూర్వీకుల నుంచి వచ్చి, ఆ వెన్నెముకను వారసత్వంగా పొందినవి. ఎరుపు ట్రేలోనివి అలా కావు. స్పంజికకు నాడీకణాలే లేవు, దాని పక్క గడిలో ఉన్న ఆక్టోపస్‌కు మూడు గుండెలు, నీలి రక్తం, సీసా మూత తిప్పి తీయగల తెలివి ఉన్నాయి. ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక లేమి మాత్రమే. పొరిఫెరా (స్పంజికలు), నిడేరియా (జెల్లీచేపల వంటివి), ప్లాటిహెల్మింథిస్ (చదును పురుగులు), నెమటోడా (గుండ్రటి పురుగులు), అనెలిడా (వానపాముల వంటి వలయజీవులు), ఆర్థ్రోపొడా (కీటకాలు, పీతల వంటివి), మొలస్కా (నత్తలు, ఆక్టోపస్‌ల వంటివి), ఇకైనోడెర్మేటా (నక్షత్రచేపల వంటివి) ఒక్కొక్కటీ సొంత శరీర నిర్మాణం గల వర్గం. వీటిలో నక్షత్రచేప ఉన్న ఇకైనోడెర్మేటా వర్గం ఈగలకు, నత్తలకు కంటే మనకే దగ్గరి చుట్టం. పిండం ఎదిగే తొలి దశలో ఏర్పడే మొదటి రంధ్రం నక్షత్రచేపలోనూ మనలోనూ మలద్వారం వైపుకు మారడం ఇందుకు మొదట్లో కనిపెట్టిన ఆధారాల్లో ఒకటి. తరువాత జన్యువుల పోలిక కూడా దీన్నే బలపరిచింది. ఎరుపు ట్రేను ఎనిమిది చిన్న అరలుగా విభజించి ఉంటే ఈ విషయం మాటల్లో చెప్పకుండానే పిల్లల కంటికి కనబడేది. అట్టముక్కలు కత్తిరించి నేను ఆ పని చేసుకున్నాను, పెద్ద శ్రమ కాదు.

చిన్న పుస్తకంలో చరిత్ర పేరుతో ఒక పేజీ ఉంది, అందులో జంతువుల్ని సకశేరుకాలు, అకశేరుకాలుగా మొదట విభజించినది ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ అని రాశారు. ఆయన విభజన వెన్నెముకను బట్టి చేసినది కాదు, ఎర్రని రక్తం ఉన్నవి, లేనివి అన్న ఆధారంతో చేసినది. ఆ రెండు జాబితాలు చాలావరకు కలుస్తాయి గానీ పూర్తిగా కలవవు. వానపాము రక్తంలో హీమోగ్లోబిన్ ఉంది, అది ఎర్రగానే ఉంటుంది. 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ క్షీరదాలు, పక్షులు, ఉభయచరాలు, చేపలు అని నాలుగు తరగతులు చేసి, సరీసృపాల్ని ఉభయచరాల్లోనే కలిపి, మిగిలిన జంతువులన్నింటినీ కీటకాలు, పురుగులు అనే రెండు తరగతుల్లో కుక్కేశాడు. ఆ కుప్పను విడదీసే పనికి పూనుకున్నవాడు ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్. 1793లో పారిస్ మ్యూజియంలో కీటకాలు, పురుగుల శాఖకు ఆచార్యుడిగా చేరి, 1801లో వెన్నెముక లేని జంతువుల వర్గీకరణపై గ్రంథం ప్రచురించి, సాలీళ్లను కీటకాల నుంచి, వలయజీవుల్ని మిగతా పురుగుల నుంచి వేరుచేశాడు. పుస్తకంలో ఆయన పేరు ఎక్కడా లేకపోవడం అన్యాయం.

విచిత్రం ఏమిటంటే లామార్క్ రెండు వందల ఏళ్ల క్రితం విడదీసినదాన్ని ఈ సెట్టు కార్డులు మళ్లీ కలిపేశాయి. సాలీడు, తేలు, జెర్రి మూడింటికీ కార్డుపై ‘కీటకం’ అనే ఉంది. కీటకానికి మూడు జతల కాళ్లు, తల, ఉరము, ఉదరము అనే మూడు భాగాలు ఉంటాయి. సాలీడుకూ తేలుకూ నాలుగు జతల కాళ్లుంటాయి, జెర్రికి ఒక్కో ఖండానికి ఒక జత, రోకలిబండ అనే పురుగుకు చాలా ఖండాల్లో రెండేసి జతలు ఉంటాయి. ఇవన్నీ ఆర్థ్రోపొడా వర్గంలోనివే, కానీ అన్నీ కీటకాలు కావు. మన ప్రాంతంలో తొలకరి వానలకు ఎర్రమట్టి నేలల మీద పాకే ఆరుద్ర పురుగు కూడా పెరిగాక ఎనిమిది కాళ్ల జీవి, సాలీడు తరగతిలోనిదే. వానలు పడ్డాక శేషాచలం అడుగున ఏ తోటలోనైనా పిల్లలు రోకలిబండను ముట్టగానే అది గట్టి చుట్టగా ముడుచుకోవడం చూసి ఉంటారు. వేలికి తగిలే ఆ గట్టితనమే బాహ్య అస్థిపంజరం. సెట్టులో రోకలిబండ లేదు.

లెక్కలో చిన్న చమత్కారం కూడా చేశారు. పట్టుపురుగు, పట్టుగూడు, పట్టుచిలుక మూడింటికి మూడు గళ్లు కేటాయించి మూడు జంతువులుగా చూపారు. అవి ఒకే జీవి జీవిత దశలు కాబట్టి ఎరుపు ట్రేలో నిజంగా ఉన్నవి పదహారు రకాలే. అయినా చిత్తూరు జిల్లా పిల్లలకు ఈ బొమ్మలు పనికొస్తాయని ఒప్పుకోవాలి. పలమనేరు, కుప్పం వైపు మల్బరీ తోటలు, పట్టు షెడ్లు చూసినవారు మా పిల్లల్లోనూ ఉన్నారు. పురుగు మేత మాని, తల ఎత్తి కదలకుండా ఉండి, పాత చర్మం విడిచి, మళ్లీ ఆకు తినడం మొదలుపెడుతుందని వారు కళ్లతో చూసి చెప్పారు. గూడు కట్టేలోపు అది నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. బయటి తొడుగు శరీరంతో పాటు పెరగదు కాబట్టి దాన్ని వదిలించుకోక తప్పదని, లోపలి ఎముకలు మాత్రం శరీరంతో పాటే పెరుగుతాయని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కార్డులో మాత్రం పట్టుచీరల గురించి నాలుగు వాక్యాలు, చర్మం విడవడం గురించి సున్నా.

సకశేరుకాల ఎంపికలో కంగారూ, పెంగ్విన్, జిరాఫీ ఉన్నాయి, ఉడుము, తొండ, బల్లి లేవు. జిరాఫీ మెడలోనూ మన మెడలోనూ ఏడేసి పూసలే అని కార్డులో రాసినందుకు దాన్ని క్షమించవచ్చు. కానీ తిరుమల కొండల బంగారు బల్లిని 1870లో బ్రిటిష్ సైనికాధికారి, ప్రకృతి పరిశోధకుడు బెడోమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రాతి పగుళ్లలో గుంపులుగా గుడ్లు అతికించే ఆ జీవికి మన పిల్లల పెట్టెలో చోటు లేకపోవడం బాధాకరం. నేను కోరుకునే మరో జంట వానపాము, గుడ్డిపాము. పూలకుండీల మట్టిలో కనిపించే గుడ్డిపాము వానపాము అంతే ఉంటుంది, చాలామంది తేడా గుర్తించరు. దాని ఒంటిపై నిగనిగలాడే పొలుసులుంటాయి, చిన్న నాలుక బయటపెడుతుంది, లోపల పూర్తి వెన్నెముక ఉంటుంది. వానపాముకు వలయాలు, జిగురు, పెరిగినదైతే ఒంటి ముందు భాగాన లావైన పట్టీ ఉంటాయి. ఒకేలా కనిపించే రెండింటిని చెరో ట్రేలో పెట్టవలసి వచ్చినప్పుడే వర్గీకరణకు లోపలి నిర్మాణం ఎందుకు ఆధారమో తెలుస్తుంది. శ్రీ వెంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు వెళ్లేముందు పిల్లలకు ఈ సెట్టు చూపిస్తే మంచిదే, కానీ అక్కడ వారు చూసేవి ఎక్కువగా నీలం ట్రేలోని జంతువులే అవుతాయని ముందుగా చెప్పడం అవసరం.

సరుకు నాణ్యత ఫరవాలేదు. కొత్తలో ప్లాస్టిక్ వాసన ఘాటుగా ఉంది, గాలికి ఉంచితే తగ్గింది. రంగు ఎక్కడా ఊడలేదు. సీతాకోకచిలుక మీసాలు మాత్రం త్వరగానే విరిగాయి. అన్ని బొమ్మలూ ఒకే పరిమాణంలో ఉండటం వల్ల చీమ, ఏనుగు సమానంగా కనిపిస్తాయి. కార్డులపై అసలు పొడవు వేయకపోవడం పొరపాటు. తెలుగు ముద్రణ స్పష్టంగా ఉంది, అక్షరదోషాలు చార్టులోనే ఎక్కువ. ఆ చార్టులో తిమింగలం బొమ్మ చేపల వరుసకు, క్షీరదాల వరుసకు సరిగ్గా మధ్యన పడింది, బాణం ఎటు వైపుదో తెలియదు. చార్టును నేను గోడకు తగిలించలేదు.

ఆరు, ఏడు తరగతుల పిల్లలున్న ఇళ్లకు, ట్యూషన్ చెప్పేవారికి ఈ ధరకు ఇది తగినదే, అయితే పక్కన కూర్చుని చెప్పే పెద్దవారు ఉండాలి. తొమ్మిది, పది తరగతుల వారికి దీనివల్ల ప్రయోజనం తక్కువ. దుకాణదారు పెట్టె విప్పి చూసుకోనిచ్చారు, విరిగిన బొమ్మ ఉంటే వారంలోపు మార్చి ఇస్తామన్నారు. పారదర్శకమైన కప్ప విడిగా 120 రూపాయలకు దొరుకుతుంది. సెట్టు మొత్తం కొనే స్తోమత లేని బడులు ఆ కప్పను, చేపల మార్కెట్ నుంచి తెచ్చి శుభ్రం చేసిన పూసల్ని, ఒక పీతను, ఒక నత్త గుల్లను కలిపి పెట్టుకున్నా పాఠం నడుస్తుంది.